పదోసారి దొరికిన గొడుగు

బస్సుల్లో పోగొట్టుకున్న సామాన్లు తిరిగి ఇచ్చే గది అది. మూసే వేళకు కిటికీ దగ్గరకు ఒకావిడ వచ్చింది. లోపల గుమాస్తా ఆవలిస్తూ రిజిస్టరు తెరిచాడు.

"గొడుగు మీదేనని గుర్తులు చెప్పండమ్మా."

"మా ఆయనది బాబూ. కొన్నప్పుడు చెక్క పిడి ఉండేది."

"దీనికి ప్లాస్టిక్‌ది ఉందే?"

"విరిగితే మార్పించాను. గుడ్డ చిరిగితే అదీ మార్పించాను. పోయినేడు ఊచలు, కర్రా కూడా కొత్తవి వేయించాను."

"అంటే పాతది ఒక్క ముక్కా మిగల్లేదు. ఇది అదే గొడుగని నేనెలా రాయను? పొద్దుట్నుంచీ ఇవే కథలు, తల బొప్పి కట్టిపోతోంది."

"ఎక్కిన ప్రతి బస్సులోనూ ఆయన దీన్ని మర్చిపోయేవారు. నేనొచ్చి తీసుకెళ్లేదాన్ని. మీ రిజిస్టర్లోనే చూడు, సంతకాలన్నీ నావే."

"నిజమే, తొమ్మిదిసార్లు. ఈసారైనా ఆయన్నే పంపాల్సింది."

"ఆయన పోయి రెండు నెలలైంది బాబూ."

గుమాస్తా పెన్ను ఆగింది.

"మరి మొన్న బస్సులో మర్చిపోయిందెవరమ్మా?"

"నేనే."