రెండో వాయి షాంపూ బిళ్ళలు

ఆదివారం, పగలు పదకొండు గంటలు. వంటింట్లో అత్తగారూ కోడలూ. గోడకి అవతల స్నానాలగదిలో ఎనిమిదేళ్ళ పాప, బకెట్లో పడుతున్న నీళ్ళ చప్పుడు.

"కన్ను తెరవలేకపోతోంది అత్తయ్యా. ఎడమ కన్ను. తడిగుడ్డ వేసుకుని పడుకుంది."

"ఎవరు?"

"ఎవరేమిటి, వచ్చిన దగ్గర్నుంచీ చెబుతున్నది అదే కదా. పైవాటా టీచరమ్మ. నెత్తి మీద కాగే నీళ్ళు పోసినట్టుందట. పాపిడి పొడుగునా ఎర్రగా కమిలిపోయింది. కళ్ళారా చూసి వస్తున్నాను."

"ఆవిడకి ముక్కు మీద దోమ వాలినా డాక్టరు కావాలి."

"డాక్టరు దగ్గరికే బయల్దేరుతున్నారు. ఆ షాంపూ బిళ్ళలో ఏమేం వేశారో కాగితం మీద రాసివ్వమన్నారు."

"రాసివ్వడానికేముంది. కొబ్బరినూనె, ఆముదం, నీళ్ళు, సోడా."

"చివరిది మెల్లిగా అంటారేం?"

"అరిచి చెప్పడానికి అదేమైనా నా పెద్దకొడుకా?"

"ఆవిడ తాగే సోడా అనుకుంది అత్తయ్యా. కాదండీ, కాస్టిక్ సోడా అని చెప్పేసరికి వాళ్ళాయన నా వంక అదోలా చూశాడు. వాళ్ళింట్లో అది సింకు మూసుకుపోయినప్పుడు పోస్తారట."

"సబ్బు అన్నాక దాంతోనే అవుతుంది. కొట్లో కొన్నదైనా అంతే. నూనెతో కలిసి ఆరు వారాలు ఆరాక సోడా అనేది మిగలదు. ముప్పై ఏళ్ళు బళ్ళో ల్యాబు చూసుకున్నదాన్ని, నాకు చెబుతావా?"

"మిగలకూడదు. మిగిలితేనో?"

"మిగల్లేదు. ఏదీ, ఆ కాఫీ ఇలా ఇవ్వు."

"ఇప్పుడే దించాను, పొగలు కక్కుతోంది. ఆగండి... అయ్యో, గుక్కెడు గుక్కెడూ అలా ఎలా మింగేస్తారండీ."

"అలవాటు."

"పోనీ టీచరమ్మ ఒక్కతే అయితే, జుట్టుకి రంగేసుకుంటుంది, పడలేదనుకోవచ్చు. నిన్న దర్జీ ఆవిడా అదే మాట. చెవుల వెనక పొక్కులు చూపించింది."

"నాతో అనలేదే."

"మీతో అంటే మీరేమంటారో ఆవిడకి తెలుసు. మారే రోజుల్లో అలాగే ఉంటుంది, అంటారు."

"ఉంటుంది మరి. ఇరవై ఏళ్ళు షాంపూ తాగిన జుట్టు, రాత్రికి రాత్రి బిళ్ళకి మారమంటే మారుతుందా? మొదటి రెండు వారాలు జిగటగా, అట్టకట్టినట్టు ఉంటుంది. మూడో వారం నుంచీ పట్టులా..."

"జిగట వేరు, పొక్కులు వేరు."

"మావాడికేమీ కాలేదుగా."

"మీ అబ్బాయి నెత్తి మీద జుట్టెక్కడుంది అత్తయ్యా? బిళ్ళ ఆనిస్తే జారి పక్కింట్లో పడుతుంది. అయినా ఆయన వాడేది మొదటి వాయి."

"వాయికీ వాయికీ తేడా ఏముంటుంది. అవే నూనెలు, అదే గిన్నె, అదే చెయ్యి."

"మొదటి వాయి వాడినవాళ్ళంతా ఇంకా ఇవ్వమన్నారు. టీచరమ్మదీ దర్జీ ఆవిడదీ రెండో వాయి. అందులో ఎన్ని చేశారు?"

"ఎనిమిది."

"అలమరలో ఐదున్నాయి. వీళ్ళిద్దరికీ రెండు. మిగిలింది?"

"నక్షత్రం గుచ్చినది. పాపకని విడిగా పెట్టలా?"

"అదీ రెండో వాయేనా?"

"దాని మాటెందుకిప్పుడు."

"దాని మాట కాక ఈ ఇంట్లో ఇంకేం మాటుంది? కొట్లో షాంపూతో దురదని బిళ్ళల పని మొదలెట్టిందే దానికోసం. జ్వరం వచ్చి ఉన్న జుట్టంతా ఊడిపోయి, టోపీ పెట్టుకుని బడికెళ్ళింది నా బిడ్డ. నాలుగు నెలలకి ఇప్పుడు రెండు వేళ్ళ పొడుగు మొలిచింది. రోజూ స్కేలు పెట్టి కొలుచుకుంటోంది. ఆ నెత్తి మీద ఏదైనా అయితే మళ్ళీ మొలవదని డాక్టరు చెప్పింది మీ ఎదురుగానే."

"నాకు తెలీదా? దానితో పాటు అదే జ్వరంతో అదే మంచంలో పడి లేచినదాన్ని."

"అందుకే దర్జీ ఆవిడ మాట విన్న దగ్గర్నుంచీ నాకు మనసు ఒప్పలేదు. ఇవాళ దాని చేతికి పాత షాంపూ సీసాయే ఇచ్చి, తర్వాతే పైకి వెళ్ళాను. దురద పెడితే పెట్టనీ, కాలదు కదా."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ. తూకం వేసి చేశాను. ఆరు వారాలు ఆరబెట్టాను. ప్రతి బిళ్ళా నాలిక మీద పెట్టి చూశాను. ఇంకా ఏం చెయ్యమంటావు?"

"ఎనిమిదీ చూశారా?"

"ఒక్కోటీ. తడివేలితో రుద్ది, ఆ వేలు నాలిక కొసకి ఆనిస్తాను. సోడా మిగిలితే టార్చిలైటు బ్యాటరీ నాకినట్టు చురుక్కుమంటుంది. అప్పుడా వాయి మొత్తం చెత్తలోకే."

"ల్యాబులో ఏదీ నోట్లో పెట్టరాదని బోర్డు రాసి తగిలించింది మీరే అనేవారు మామయ్యగారు."

"అది పిల్లలకి."

"నాలికంటే గుర్తొచ్చింది. నిన్నటి కూర సముద్రంలో వండినట్టుందన్నారు మీ అబ్బాయి. మొన్న అసలు ఉప్పే లేదు."

"మొన్న తక్కువైంది, నిన్న ఎక్కువైంది. సగటున సరిపోయింది."

"నా మీద కోపం ఉప్పు మీద చూపిస్తున్నారనుకున్నాను."

"నీ మీద కోపమొస్తే కారం వేస్తాను, ఉప్పెందుకు?"

"పోనీ రేపట్నుంచి వంట నాకు వదిలెయ్యండి. మీరు హాయిగా కూర్చోండి."

"కూర్చోబెట్టి ఏం చేస్తావు, వారానికోసారి దుమ్ము దులుపుతావా? వంటిల్లు కూడా తీసేసుకుంటే ఈ ఇంట్లో నేను మేకుకి తగిలించిన పాత క్యాలెండర్నే."

"మంచికి చెప్పినా ఇలాగే అంటారు."

"నానమ్మా..."

"ఏం తల్లీ?"

"నురగొచ్చింది. ఎంతవరకూ లెక్కపెట్టాలీ?"

"రెండువందలు. కళ్ళు గట్టిగా మూసుకో."

"మధ్యలో ఆపితే?"

"ఆపితే ఓడిపోయినట్టే. పెద్దగా, నాకు వినిపించేలా."

"ఒకటి... రెండు... మూడు..."

"ఏమిటండీ ఆ లెక్క?"

"ఇలా రుద్ది అలా కడిగేస్తుందని ఆట నేర్పాను. నీ కాగితం సంగతి చూడు, పైనవాళ్ళు ఎదురుచూస్తుంటారు."

"ఆఁ, చెప్పండి. గ్రాములతో సహా కావాలన్నారు. నూనెలు ఎంతెంత?"

"నూనెలకి తూకంతో పనిలేదు. సీసాల లెక్క. కొబ్బరినూనె లీటరు సీసా ఒకటి, ఆముదం చిన్న సీసా ఒకటి, విప్పడం వంచడం. సోడా ఒక్కటే త్రాసు మీద."

"త్రాసు మీద."

"మరి పిడికిళ్ళతో వేస్తానా? అది గ్రాముల లెక్క, చూసి వెయ్యాలి. ఏం, అలా నిలబడిపోయావు?"

"ఏంలేదు."

"నీ ఏంలేదులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది."

"ఆ త్రాసు ఓసారి ఇలా జరపండి. ఇదిగో, విప్పని ఉప్పు ప్యాకెట్టు. కిలో అని అచ్చేసి ఉంది. పెడుతున్నా."

"ఎంత?"

"ఎనిమిది వందల పది."

"ప్యాకెట్లోనే తక్కువుంటుంది. ఈ రోజుల్లో ఎవర్ని నమ్మగలం."

"ఇది పంచదార. ఇదీ కిలోనే."

"ఎంత?"

"ఎనిమిది వందల పది."

"సరిగ్గా చూశావా?"

"ఉప్పువాడూ పంచదారవాడూ కూడబలుక్కున్నారంటారా అత్తయ్యా?"

"అంటే ఇది వంద అని చూపించేసరికి, గిన్నెలో..."

"నూట ఇరవై పైనే పడి ఉంటుంది."

"యాభై రెండు... యాభై మూడు..."

"మొదటి వాయికి సరిగ్గా ఉన్న త్రాసు. మధ్యలో దీనికేం రోగమొచ్చింది?"

"పడింది."

"ఎవరు పడేశారు?"

"పడింది అన్నాను కదా."

"దానంతటదే అరలోంచి దూకిందా, బతుకు మీద విరక్తి పుట్టి?"

"నేనే అత్తయ్యా. మీరు రెండో వాయి మొదలెట్టడానికి రెండ్రోజుల ముందు. పై అరలోంచి డబ్బా తీస్తుంటే జారింది. మూల కాస్త చిట్లింది. మీట నొక్కితే అంకెలు వెలిగాయి. తుడిచి మళ్ళీ పెట్టేశాను."

"నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"అంటే ముప్పై ఏళ్ళ ల్యాబు కథ మొదటి గాజుగొట్టం దగ్గర్నుంచీ వినాలి. చిన్నపిల్లలా నిలబడి. అదొక్కటే కాదు. తూకం కాస్త అటూ ఇటూ అయినా మీ నాలిక ఎలాగూ పట్టేస్తుంది కదా అనుకున్నాను. నిజం అత్తయ్యా, ఆ ధైర్యంతోనే ఊరుకున్నాను."

"నా నాలిక మీద ధైర్యంతో."

"అవును."

"బాగుంది. చాలా బాగుంది."

"ఎనభై ఎనిమిది... ఎనభై తొమ్మిది..."

"కూర్చోండి అత్తయ్యా. చెమటలేమిటి అలా పడుతున్నాయి? నా మాట వినండి. మీరు ఎనిమిదీ చూశానన్నారు కదా?"

"చూశాను."

"ఒక్కటైనా చురుక్కుమందా?"

"ఒక్కటీ అనలేదు."

"నిజంగానే?"

"నిజంగానే. అందులో అబద్ధం లేదు."

"హమ్మయ్య. అయితే త్రాసు తప్పినా సబ్బు తప్పలేదన్నమాట. నా ప్రాణం లేచొచ్చింది. టీచరమ్మది ఆ రంగు వల్లే అయుంటుంది. దర్జీ ఆవిడా అంతే, రోజంతా ఆ ఇస్త్రీపెట్టె ఆవిర్లో ఉంటుంది, పొక్కులు రాక ఏమొస్తాయి? మీరన్నట్టు మారే రోజుల్లో..."

"ఆ ఐదు బిళ్ళలూ తీసి చెత్తలో వెయ్యి."

"ఎందుకు? ఇప్పుడే కదా..."

"వెయ్యమన్నానా. పాపా, ఇంక చాలు తల్లీ. నీళ్ళు పోసేసుకో."

"నూట ఆరు... నూట ఏడు..."

"వినిపించడం లేదేమో దానికి. పాపా, ఆట అయిపోయింది. నువ్వే గెలిచావు. కడిగేసుకో."

"ఇంకా రెండువందలు కాలేదు నానమ్మా. ఆపితే ఓడిపోయినట్టే అన్నావుగా. నూట ఎనిమిది..."

"ఉండనివ్వండి అత్తయ్యా, ఓ నిమిషంలో అదే వస్తుంది. షాంపూయే కదా."

"గడియ పెట్టుకుందా?"

"పెట్టుకుంది. పెద్దదాన్నయ్యానంటుందిగా. ఎందుకు లేచారు?"

"నేను ఓడిపోను నానమ్మా. కొంచెం మండుతోంది, అంతే. మారే రోజుల్లో అలాగే ఉంటుందిగా. నూట తొమ్మిది... నూట పది..."

"మండడమేమిటి? పిల్లల షాంపూ మండడమేమిటి? అత్తయ్యా, అలమర మీద ఆ సీసా ఏమిటి? దాని చేతికి నేనిచ్చిన సీసా కదూ అది?"

"నువ్వు పైకెళ్ళినప్పుడు తీసి పెట్టాను. అక్కడ వాళ్ళ సంగతి నాకేం తెలుసు? ఆరు వారాలు నిండాయి కదా, ఇవాళ మొదలెడదామని..."

"నక్షత్రం బిళ్ళ ఇచ్చారా?"

"ఇచ్చాను."

"నేను వచ్చి ఇంతసేపయింది, ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే బిళ్ళ లాక్కుంటావని. తూకం వేసి చేశాను కదా, దీనికేం కాదనుకున్నాను. అప్పటికి త్రాసు సంగతి తెలీదు కదే."

"సరే, సరే. కంగారు పడకండి, నన్ను కంగారు పెట్టకండి. మీరు నాలిక మీద పెట్టి చూశారు. చురుక్కుమనలేదు. అంటే అందులో సోడా లేదు. మరి మండడమెందుకు? చెప్పండి అత్తయ్యా, చూశారు కదా?"

"నూట ఇరవై..."

"అత్తయ్యా. లెక్క ఆగిపోయింది."

"తలుపు పగలగొట్టు అమ్మాయ్. నువ్వు నా నాలికని నమ్ముకున్నావు, నేను త్రాసుని నమ్ముకున్నాను. జ్వరం తగ్గిన రోజు నుంచీ నా నాలికకి ఉప్పూ తెలీదు, నిప్పూ తెలీదు."