పురుగుల మందు

1988. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివి, తెలుగులో కంప్యూటర్ పుస్తకాలు రాసే ఆయన నెక్కొండలో వరంగల్ బస్సెక్కాడు. పక్క సీటు కుర్రాడు గోడు వెళ్లబోసుకున్నాడు.

"ప్రోగ్రాంల పురుగులు పడితే ఏరెయ్యాలని పుస్తకంల ఉన్నదన్నా. పత్తికి కొట్టే మందు తెచ్చి నేను పనిచేసే మిల్లుల కంప్యూటర్ల కొట్టిన. మిల్లు సేటు నౌకరి తీసేసిండు."

"పురుగంటే ఆడ తప్పు అన్నట్టు, తమ్మీ."

"మరి తప్పనే రాయొచ్చు గద?"

"ఇంగ్లీషుల 'బగ్' అంటరు, ఆ మాటను ఉన్నదున్నట్టు దించిండేమో."

"రాసినాయన బీటెక్ అట. గంత సదివినోడు చెప్పినంక నాకు అనుమానమెందుకొస్తది?"

ఆ పుస్తకం రాసింది తనే. ఆయన కుర్రాడి వైపు తిరిగాడు.

"ఇప్పుడెటు పోతానవ్?"

"సేటు కాళ్లు పట్టుకుందామని. పుస్తకం చూపెట్టినా ఇంటలేడు, నీ తెలివితక్కువతనమే అంటాండు."

"నేనూ వస్త."

"నువ్వెవరని చెప్పాలె అన్నా?"

"ఆ తెలివితక్కువోన్ని పట్టుకొచ్చిన్నని చెప్పు."