పక్క సీటుకి నల్లద్దాలు

అది కాదమ్మాయ్, నల్లగా ఉంటే చాలదంటున్నాను నేను. చీకటే కావాలంటే కళ్లు మూసుకుంటే సరిపోయె, దానికి నీ షాపుదాకా రావడం ఎందుకు? ఇంట్లో ఉన్న జతా నల్లగానే ఉంది. తోపుడు బండి మీద అమ్ముతుంటే మా ఆయన తెచ్చి నా ఒళ్లో పడేశాడు, "ఇదిగో నీ కూలింగ్ గ్లాసులు, ఇక నన్ను వేపుకు తినకు" అని. పెట్టుకుంటే రోడ్డు నల్లబడింది, మనుషులు నల్లబడ్డారు, ఆ కళ్లలో పొడిచే తళుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఏదీ, ఇదా? అమ్మో, ఇది వద్దు తల్లీ. పక్కన ఆ పేరు చెక్కినందుకే సగం ధర. నేనేమన్నా సముద్రం ఒడ్డున పడుకోడానికి అడుగుతున్నానా? ఆ మధ్య వరసలో గోధుమ రంగుది ఉంది చూడు, పోలరైజ్డ్ అని చీటీ అంటించింది, అది తియ్యి. దాని సంగతే తేల్చుకోవాలి నేను. నిజంగా పనిచేస్తుందా, లేక చీటీ ఒక్కటే పోలరైజ్డా?

నవ్వకు. షోకు కోసం కాదు. నా పని కోసం.

డ్రైవింగ్ నేర్పుతాను నేను. మా ఆయనా నేనూ కలిసి పెట్టిన స్కూలు. కలిసి అంటే ఏంటంటే, బోర్డు మీద ఆయన పేరు, బండిలో నేను. ఆయన ఆఫీసులో కూచుని ఫోన్లు ఎత్తుతాడు, బుద్ధి పుడితే ఇద్దరు మగవాళ్లకి నేర్పుతాడు. ఆడవాళ్లంతా నాకే. ఎందుకొస్తారో తెలుసా నా దగ్గరికి? నేను అరవను. అంతే, ఇంకే విద్యా లేదు. ఇంట్లో మొగుడు నేర్పుతానని బయల్దేరతాడు. మొదటి మలుపులోనే "నీకు బుర్రుందా?" అంటాడు. ఆవిడ తాళాలు విసిరికొట్టి దిగిపోతుంది. మర్నాడు మా స్కూలు మెట్ల మీద ఉంటుంది. మొగుళ్ల అరుపుల మీదే బతికిందమ్మా మా స్కూలు!

పక్క సీటు నాది. అక్కడ కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి, ఎప్పుడన్నా చూశావా? నేర్చుకునే మనిషి కంగారుపడితే మనం తొక్కాలి. నా కాలు నమ్మకమైన కాలు అని పేరు నాకు.

ఆ పేరు ఒక్క సాయంత్రంతో పోయింది. వాన అప్పుడే వెలిసింది. ఎదురుగా దిగిపోతున్న సూర్యుడు, కింద తడి రోడ్డు. రోడ్డంతా మెరుగు పెట్టిన పళ్లెంలా వెలిగిపోతోంది. ఆ తెల్లటి మంటలో ఎవరో అడ్డం వచ్చారనిపించింది. తొక్కేశాను. బండి కీచుమని ఆగింది. నడుపుతున్న అమ్మాయికి బెల్టు బిగుసుకుని భుజం కమిలిపోయింది. దిగి చూద్దును కదా, ఎవరూ లేరు. గుంటలో నీళ్లు.

ఇంటికెళ్లి నేనే చెప్పాను. దాచాల్సిందంటావా? నాకు దాచడం రాదు, అదే నా దరిద్రం. మా ఆయన ఒక్క మాట అరవలేదు. పైగా తల నిమిరాడు. "నీ కళ్లు అలిసిపోయాయే. కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండు, స్కూలు నేను చూసుకుంటా" అన్నాడు. అంత మెత్తగా మాట్లాడితే అనుమానం రావాలా వద్దా? నాకు ఏడుపొచ్చింది. ప్రేమ అనుకున్నాను.

కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ నా కళ్లలో లైటు వేసి చూసి, "రోగమేం లేదు. తడి రోడ్డు మీద పడి ఎగిరే వెలుతురు నిన్ను తికమక పెడుతోంది. దాన్ని ఆపే అద్దాలు పెట్టుకుని నీ సీట్లో నువ్వు కూచో" అంది. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. ఆయనేమో, "అవన్నీ అమ్ముకునేవాళ్ల కబుర్లు. ఏ నల్లద్దమైనా నల్లద్దమే" అన్నాడు. సరే, ఆయనకి తెలియదనుకో. మా చెల్లెలికేమొచ్చింది? దానికి డ్రైవింగ్ నేర్పిందే నేను. అదీ అదే పాట. "ఇంట్లో ఉండేదానివి, నీకెందుకక్కా అవి? ఎవరికి చూపించుకోడానికి?"

చూపించుకోడానికి కాదే పిచ్చిదానా, చూడ్డానికి అన్నాను. నవ్వేసింది.

పైగా ఇప్పుడు స్కూల్లో పనే లేదట. ఆడవాళ్లు రావడం మానేశారట. బండికి క్లచ్ పోయి షెడ్డులో పడుందట. బండే లేనప్పుడు అద్దాలెందుకూ అని ఆయన వాదన. అందుకే ఊరికి ఈ చివరనున్న నీ షాపు వెతుక్కుంటూ వచ్చా, పళ్ల డాక్టరు దగ్గరికని అబద్ధం చెప్పి. అవునమ్మా, కళ్లద్దాలు కొనుక్కోడానికి పన్ను నొప్పి తెచ్చుకున్న దాన్ని నేను! ఇవి పనికొస్తే చాలు, రేపే వెళ్లి నా సీట్లో కూచుంటా. పనికిరావనుకో, ఇక ఇంట్లో గోడలు చూస్తూ కూచోవడమే.

ఇలా ఇవ్వు. ఊఁ, తేలిగ్గా ఉంది. ముక్కు నొక్కడం లేదు. మరి తేడా ఏదీ? లోపల తెలియదా? తలుపు దగ్గర నిలబడి బయట కార్ల ముందద్దాలు చూడాలా? సరే, పద.

ఓ!

ఓరి దీని దుంపతెగ! అమ్మాయ్, ఆ తెల్ల కారు అద్దం మీదున్న ఆకాశం ఎటు పోయింది? తీస్తే మబ్బులు. పెడితే లోపల సీట్లు, సీటు మీద సంచీ కూడా. ఆ రోడ్డు చూడు, నూనె మరకతో సహా కనిపిస్తోంది. ఇదేనమ్మా నాక్కావాల్సింది! ఇవి ఉండుంటే ఆ రోజు నీళ్లు నీళ్లలాగే కనిపించేవి. ఎవరి భుజమూ కమిలేది కాదు. చీటీ నిజమే చెప్పింది. పాపం, నిన్నే అనుమానించాను.

ఉండు. ఆ పక్కన, రెండు కార్ల మధ్య సందులోకి వెనక్కి దూరుతోందే ఒక బండి. నెత్తిన బోర్డున్నది.

అది మా బండే.

మా బండిలాంటిది కాదు, మా బండే. ఆ ముందు తలుపు సొట్ట గేటు స్తంభానికి రాసుకున్నది, నేను పక్కనుండగానే. షెడ్డులో ఉండాల్సిన బండి ఇక్కడేం చేస్తోంది? మెకానిక్ నడిపి చూస్తున్నాడంటావా? మెకానిక్ ఒక సందులో బండి పెట్టడానికి అంత ముందుకీ వెనక్కీ ఊగుతాడా?

స్టీరింగు దగ్గర కూచున్నావిడ మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. "నాకు మీరే నేర్పాలి, మీరొచ్చేదాకా ఆగుతా" అన్న మనిషి. వెనక సీట్లో కాళ్లు బార్లా చాపుకుని మా ఆయన. పక్క సీట్లో...

ఇదేంటి, తల ఇలా పక్కకి వాలిస్తే అద్దం మీద మళ్లీ మబ్బులొచ్చేస్తున్నాయి? ఓ, ఈ రకం అద్దాలకి అంతేనా? వాలిస్తే మబ్బులు. నిలబెడితే మా చెల్లెలు.

మబ్బులు. చెల్లెలు.

వాల్చుకునే ఉండిపోతే బాగుండు. మెడ నొప్పి పుడుతుంది గానీ.

వద్దమ్మా, స్టూలు జరపకు, నేను పడిపోను. నువ్వేం ఊహించుకుంటున్నావో నీ మొహం మీదే ఉంది. బావా మరదలూ అనగానే అందరి బుర్రా అటే పోతుంది. అది కాదు. అదైతే ఎంత తేలిక! మొగుణ్ణి లాక్కుందని తెలిస్తే వీధి వీధంతా వచ్చి నా పక్కన కూచునేది. దాని జుట్టు పట్టుకోడానికి నాకంటే ముందు వాళ్లే లేచేవాళ్లు. సీటు లాక్కుందంటే ఎవరొస్తారు? "పోనీలేవే, పరాయిదా ఏంటి" అంటారు. "హాయిగా విశ్రాంతి తీసుకోక" అంటారు. మొగుడు పోతే అన్యాయమట, పని పోతే విశ్రాంతట!

ఆగు, ఫోన్ చేస్తా. ఇదేంటి, ఫోను చచ్చింది? అంతా నల్లగా... అడ్డంగా తిప్పి పట్టుకోవాలా? ఆఁ, వచ్చింది. మంచి అద్దాలేనమ్మా, చూపించాల్సింది మాత్రమే చూపిస్తున్నాయి.

మోగుతోంది. చూడు చూడు, జేబులు తడుముకుంటున్నాడు. చూశాడు. మా చెల్లెలు కుట్టుపనావిడ వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టుకుంది. ఇంజను కూడా ఆపించినట్టుంది. ఎంత తెలివి!

హలో. ఆఁ, నేనే. పన్నా? ఇంకా పీకలేదు, బయట కూచోబెట్టారు. మీరెక్కడ? షెడ్డులోనా. ఇంకా ఆ క్లచ్ ప్లేటు రాలేదా? అయ్యో. మెకానిక్ బండి కిందున్నాడా? జాగ్రత్తండీ, పాపం అతని మీదికి బండి పోనిచ్చేరు. ఏం లేదు, ఊరికే చేశా. చెల్లెలేమన్నా కనబడిందా? లేదా. సరేలెండి. ఊఁ. అలాగే.

విన్నావా? ఆయన గొంతులో చిన్న జీరన్నా లేదు. చివర్లో ఏమన్నాడో తెలుసా? "ఎండలో తిరక్కు, అసలే నీ కళ్లు బాగోలేవు" అన్నాడమ్మా. నన్ను చూడకుండా, నేను చూస్తుండగా.

ఇప్పుడర్థమైంది. మొన్న కూరల కొట్టు దగ్గర ఆ కుట్టుపనావిడే కనబడి, నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించబోయింది. "ఇటు మెట్టుంది, చూసుకోండి" అంది. ఎందుకింత మర్యాద అనుకున్నా. చూపు పోయిందని చెప్పారన్నమాట! ఊళ్లో అందరికీ చెప్పి ఉంటారు. చూపు పోయిన మనిషిని పక్కన పెట్టుకుని బండి ఎవరు నడుపుతారు? ఇప్పుడు నేను ఈ అద్దాలు పెట్టుకుని వెళ్లి నిలబడితే, "అయ్యో, నల్లద్దాలు కూడా పడ్డాయి పాపం" అంటారు!

ఎందుకు చేశాడూ? అదేం పెద్ద రహస్యం కాదు. ఆ వానకి కాస్త ముందు, బోర్డు మీద నా పేరు కూడా రాయించండి అన్నాను. నేనన్నది అంతే. రంగు డబ్బా నేనే తెచ్చుకుంటానన్నాను కూడా. నవ్వి ఊరుకున్నాడు. మా చెల్లెలు అడగదు. అడగని మనిషి కావాలి ఆయనకి. అది ఆ సీట్లో ఎన్నాళ్లు అడక్కుండా కూచుంటుందో నేనూ చూస్తా.

దాన్నేమనాలి చెప్పు? పని లేక తిరుగుతోంది, నిజమే. నోరు తెరిచి "అక్కా, నాకూ పని కావాలి" అంటే నేర్చుకునేవాళ్లలో సగం మందిని నేనే దాని చేతిలో పెట్టేదాన్ని. అడగాల్సింది నన్ను. పోయి ఆయన్ని అడిగింది. ఆడదాని పని కూడా మగాడి చేతి మీదుగా అందితేనే గట్టిదని ఎవరు నేర్పారమ్మా దీనికి? నేనైతే నేర్పలేదు.

ఏంటి, వెళ్లి కారు తలుపు కొట్టమంటావా? నీది భలే ఉడుకు రక్తం. ఇప్పుడు కాదు. ఇంజను మళ్లీ వేసింది, రివర్సులో ఉంది ఆవిడ. నేర్చుకునే మనిషి వెనక్కి పోతుండగా అద్దం మీద కొడితే ఏమవుతుందో తెలుసా? బ్రేకనుకుని ఎక్సలేటరు తొక్కుతుంది. వెనకెవరో ముసలాయన నడిచిపోతున్నాడు. ఆవిడ బండి పెట్టడం అవనీ. ఆ తర్వాత నా లెక్క.

చూడు, మా ఆయన వెనక నుంచి చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. ఆవిడ బెదిరింది. మా చెల్లెలు వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. ఆపి, తల వంచింది. అది ఎక్కడ చూస్తోందో చెప్పనా? రోడ్డు కాదు. ఆవిడ మోకాలు. కాలు తొక్కబోయే ముందు మోకాలు బిగుస్తుందమ్మా, అది ఏ పుస్తకంలోనూ లేదు. ఏళ్ల తరబడి ఆ సీట్లో కూచుని నాకు నేను పట్టుకున్న సంగతి. దీనికొక్కదానికే చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు.

అదిగో, వచ్చేసింది. చక్రాలు గట్టుకి అంటీ అంటనట్టు. చక్కగా పెట్టింది ఆవిడ. నవ్వుతోంది కూడా.

బిల్లు వెయ్యి. ఆఁ, ఇవే, ఈ గోధుమ రంగువే. పెట్టె వద్దు, గుడ్డ వద్దు, పెట్టుకునే పోతా.

నీకో మాట చెప్పనా? ఆయన అబద్ధం ఆడాడని కాదు నా ఏడుపు. అది ఆయనకి మామూలే. ఇందాకట్నుంచీ నేను ఇక్కడ నిలబడి, ఆ బండి వెళ్లి దేనికన్నా గుద్దుకోవాలని కోరుకుంటున్నా. మెల్లిగానే, ఎవరికీ దెబ్బ తగలకుండా. మా చెల్లెలు చేతకానిదైతే నన్ను మళ్లీ పిలుస్తారు కదా అని. చేతకానిది కాదమ్మా. నాకంటే బాగా నేర్పుతోంది.