ముందు మొహం, తరవాత గడియారం

ఎల్.బి. నగర్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి. కాన్పు గది తలుపు బయట ఇద్దరు: నర్సింగ్ టీచరు కృష్ణకుమారి, ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు ఇక్కడ నర్సుగా ఉన్న అరుణశ్రీ.

“...అడ్డు లే అరుణా. ఒక్కసారి చూసి వచ్చేస్తాను.”

“జర కూసోండ్రి మేడమ్. ఇప్పుడే గదా కూసున్నరు, మళ్ళ లేస్తిరి.”

“లోపలున్నది నా కూతురమ్మా!”

“తెల్సు మేడమ్. సింధూర బాగనే ఉన్నది. బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటున్నది.”

“బాగనే అంటే? సరిగ్గా చెప్పు. తల దిగిందా? నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం తగ్గిపోయింది. దాని అరుపులు వింటూ ఇక్కణ్ణుంచే గడియారం చూస్తున్నా.”

“అందరి అమ్మలకు చెప్పినట్టే మీకు చెప్పిన.”

“నాకు పాఠం చెప్తున్నావా?”

“మీరు చెప్పిందే మేడమ్.”

“...దాని దగ్గర ఎవరున్నారు?”

“సీనియర్ సిస్టరున్నది. పక్కన చెయ్యి పట్టుకొని యాదలక్ష్మి కూసున్నది.”

“మా కాలేజీ యాదలక్ష్మా? బొమ్మకి కాన్పు చేయమంటేనే చేతులు వణికాయి దానికి!”

“నాకు వణకలేదా? దిల్‌సుఖ్‌నగర్ క్లాసుల ఆ ప్లాస్టిక్ బొమ్మను చూపించి, ‘ముందు ఆమె పేరడుగు’ అన్నరు మీరు. క్లాసంత ఒక్కటే నవ్వు. సిగ్గుకు సచ్చిపోయిన. ‘నీ పేరేందమ్మా’ అనేదాంక మార్కులెయ్యలె.”

“పేరడక్కుండా చెయ్యి వేస్తారా ఎవరైనా? కాన్పు గదిలో నర్సుగా చేసినన్నాళ్ళూ చూశాగా. ‘ఏయ్, మూడో బెడ్డు, అరవకు!’ అనేవాళ్ళే అందరూ. ఆ నోళ్ళు మారాలంటే చదువుకునేటప్పుడే పట్టుకోవాలని టీచరునయ్యాను.”

“ఔ. ‘ముందు మొహం, తరవాత గడియారం’. రోజూ అనిపిచ్చేటోళ్ళు మాతోని.”

“అబ్బ, మళ్ళీ అరిచింది! యాదలక్ష్మి మాటే వినపడట్లేదు. ఏం చేస్తోందది? నడుం రుద్దమను. పక్కకి తిప్పి...”

“రుద్దుతున్నది మేడమ్.”

“ఎడం పక్కకి!”

“ఎడం పక్కకే.”

“ఒక్క గౌను ఇవ్వవే. చేతులు కడుక్కుని వస్తా. బంధువులు రాకూడదన్న రూలు నాకూ తెలుసు. నేను బంధువునా?”

“ఆ రూలు పోయింది మేడమ్. తోడుకు ఒక ఆడమనిషి ఉండొచ్చిప్పుడు.”

“ఉండొచ్చా? మరి పొద్దున్నుంచీ నన్నిక్కడ...”

“మీరు జర కూసోండ్రి మేడమ్.”

“కూర్చోను. డాక్టరమ్మ వద్దందా?”

“కాదు.”

“అల్లుడా?”

“గౌతమ్ సారా? ఆయన కింద మందుల కాడ నిలబడ్డడు.”

“మరెవరు?”

“...సింధూరనే.”

“సింధూరా?”

“కోపం చేసుకోకుండ్రి. ‘నేను పిలిచేదాకా అమ్మని రానివ్వకక్కా’ అన్నది.”

“ఎందుకు? నేనేం చేశాను దాన్ని?”

“ఒద్దు మేడమ్. బాధపడ్తరు.”

“చెప్పు.”

“‘చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ థర్మామీటర్ వైపే చూసేది. ఇప్పుడొస్తే బిడ్డ గుండె చూపే ఆ మిషన్ వైపు చూస్తుంది. నా మొహం ఎవరు చూస్తారక్కా?’ అన్నది.”

“...అంత మాటందా.”

“నొప్పుల మీద అన్నది మేడమ్, పట్టించుకోకుండ్రి.”

“కాదులే. నొప్పుల్లో ఎవరూ అబద్ధం చెప్పరు. అంత ఓపికుండదు వాళ్ళకి.”

“నీళ్ళు తాగుతరా? మళ్ళ చేతి గడియారం చూస్తున్నరు...”

“చూడట్లేదు. చెయ్యి అలవాటు మీద లేచింది.”

“అరుణక్కా! అక్కా!”

“ఏందే యాదలక్ష్మీ? గట్లురుకొచ్చినవేంది?”

“సింధూరక్క వాళ్ళ అమ్మను రమ్మంటున్నది!”

“విన్నరా మేడమ్? పోండ్రి, పోండ్రి. గౌను గీడుంది. చేతులు కడుక్కోండ్రి. అరె, ఆగిన్రేంది?”

“ఆ మిషన్ మంచానికి ఏ పక్కనుంది అరుణా?”

“మళ్ళ మిషనేనా మేడమ్!”

“దానికి వీపు పెట్టి నిలబడాలి కదమ్మా. ఇంద, ఈ వాచీ కూడా నీ దగ్గరే ఉంచు.”