సుబాంగ్ జాడీ ఉలకదు, పలకదు

ఆగాగు వదినా, అక్కడే ఆగు. గడప దాటకు. ఏమీ అనుకోకు, ఇందాక అవతలి వాకిలి లాంటింగ్‌గాణ్ణి కూడా అక్కడే నిలబెట్టి పంపించా. ఊరికే పలకరిద్దామని వచ్చాడట. చేతిలో పచ్చి మామిడికాయ! ఉప్పద్దుకుని కరకరా నములుతూ, జాడీలో తువాక్ కల్లు పెట్టిన ఇంటి ముందుకొస్తాడా ఎవడైనా? లోపలి అన్నం తియ్యగా పొంగడం మానేసి పుల్లబడి చస్తుందని వాడికి తెలీదూ? వాళ్లమ్మ చెప్పలేదూ?

తెలుసు. తెలిసే వచ్చాడు.

నవ్వకు. నవ్వితే నీ భుజాలు ఊగుతాయి, అచ్చం మీ చెల్లెలికి, నా సుబాంగ్‌కి ఊగినట్టే. నాకు కష్టంగా ఉంటుంది.

జాడీ ఎలా ఉందంటావా? బాగుంది. బాగుండకేం, హాయిగా నిద్రపోతోంది. చెయ్యేస్తే వెచ్చగా తగలాలా, చచ్చిన కప్పలా చల్లగా ఉంది. మూత దగ్గర ముక్కు పెడితే తీపి వాసన రావాలా, ఉత్త చద్దన్నం వాసన. చెవి ఆనిస్తే బుడబుడమనాలా... అంది, రెండుసార్లు అంది. సంబరంతో లేచి గంతేశా. తీరా చూస్తే అది నా కడుపు.

నీ జాడీ మాత్రం మహా గొప్పగా పొంగుతోందిలే. నాకెలా తెలుసా? మన మధ్య ఉన్నది చెక్క గోడే కదమ్మా. చెవి పెట్టి విన్నా. అందులో తప్పేముంది, నా వైపు నుంచే విన్నా.

ఊరంతా ఒకే కప్పు కింద ఉండే ఈ పొడుగింట్లో ఇన్ని వాకిళ్లున్నాయా, ప్రతి వాకిలి వెనకా ఒక జాడీ గుసగుసలాడుతోంది. నాదొక్కటే మూగది. కోతల పండగ గవాయ్ చూస్తే నెత్తిమీదికొచ్చింది. చుట్టాలు చావడిలో వరసగా నడిచొస్తారు, వాకిలి వాకిలికీ ఒక గ్లాసు అందుకుంటూ. సుబాంగ్ ఉన్నన్నాళ్లూ మా వాకిటికొచ్చేసరికి ఆ వరస కదిలేది కాదు. వెనకాలవాళ్లు తిట్టుకునేవాళ్లు. ఈసారి కూడా ఆగుతారు, ఆమెను తలుచుకునే ఆగుతారు. ఏం పొయ్యమంటావ్? గంజి పొయ్యనా?

తప్పంతా నా నోటిదే. "మరిదీ, ఈసారి నీ జాడీ కూడా నేను పెట్టేస్తాలే" అన్నావు నువ్వు. కాదనను. అందరి ముందూ నేనేమన్నాను? "ఇన్నేళ్లు పక్కన కూచుని చూశాను వదినా, ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నా. నిజమే, చూశా. గ్లాసు ఎప్పుడు నిండుతుందా అని చూశా.

అంత మాట అన్నాక, నా జాడీని ఎవరు చెడగొడతారోనని అందర్నీ కనిపెట్టుకునే ఉన్నా. లాంటింగ్‌ని ఓ కంట కనిపెట్టా. వాడి పెళ్లాన్ని కనిపెట్టా. మా పుంజు జాడీ వైపు అదోలా చూస్తోందని దాన్ని కూడా చావడిలోకి తరిమా.

అసలు సంగతి చెప్పెయ్యనా? నా అనుమానం వాళ్లెవరి మీదా కాదు. నీ మీద.

అదిగో, నడుం మీద చెయ్యి పెట్టావ్! గొడవ వద్దు. తువాక్ పులుస్తున్న ఇంట్లో గొడవ పడకూడదని నువ్వే చెబుతావు. విను ముందు.

పొయ్యి పైన మీ చెల్లెలు గుచ్చి వేలాడగట్టిన, అన్నాన్ని పులియబెట్టే తోడు బిళ్ళలు లేవూ? మంచాన పడకముందు తన చేత్తో తట్టినవి. ఎలకలు తినగా గుప్పెడు మిగిలాయి. నువ్వొచ్చినప్పుడల్లా తలెత్తి వాటివైపే చూసేదానివి. నేను చూళ్లేదనుకున్నావేమో. ఎప్పుడో ఒకప్పుడు "పాతబడ్డాయి మరిదీ" అంటూ నీ బిళ్ళలు నాలుగు అందులో కలిపేస్తావని నా భయం. అప్పుడు తువాక్ కుదిరితే నీ చేతి మహిమ అంటారు. కుదరకపోతే సుబాంగ్ బిళ్ళలు చెడ్డాయంటారు. అవునా కాదా?

అందుకే జాడీ పెట్టిన రోజు బంక బియ్యం వండి చాప మీద పరిచానో లేదో, నీ అడుగుల చప్పుడు వినబడింది. గబుక్కున గడియ పెట్టా. నువ్వు బయట తలుపు కొడుతున్నావు, "చల్లారిందా మరిదీ, చల్లారిందా?" అని. "ఆఁ, చల్లారింది, కలిపేశా కూడా!" అన్నా. అనేశాక ఇంకేం చేస్తాం? నువ్వు లోపలికొస్తే పొగలు కనబడతాయి కదా. బిళ్ళలు చిదిమి, ఆ పొగల మీదే చల్లి, రెండు చేతులా కలిపి జాడీలో కుక్కేశా.

ఇవిగో బొబ్బలు. మిరియాల తోటలో తేనెటీగలు కుట్టాయని లాంటింగ్‌తో చెప్పా.

ఏంటలా తల కొట్టుకుంటావ్?

తోడు చచ్చిపోయిందంటావా? వేడికి? అంతా? అంటే... మీ చెల్లెలి చేతి తోడుని నేనే ఉడకబెట్టానంటావా?

అలా గడప మీద కూలబడకు వదినా. లోపలికి రా. ఇంకా ఎందుకు ఆపుతాను నిన్ను, ఏం మిగిలిందని?

మిగిలింది.

ఒకటి మిగిలింది. నీ కంట పడకుండా దాచా. పొగాకు డబ్బాలో కాదులే, మరీ అంత వెధవని కాను. ఆమె తలగడలో. ఇదిగో. వాసన చూడు. పోలేదు కదా? ప్రాణం ఉంది కదా? మధ్యలో ఈ గుంట చూశావా, ప్రతి బిళ్ళకీ చిటికెనవేలు ఇలా నొక్కేది.

దీన్ని జాడీలో వేస్తే పండగ గడిచిపోతుంది, ఆ తర్వాత ఇక ఉండదు. అంతే కదా? పొడి చేసి కొత్త పిండి మీద చల్లి మళ్ళీ బిళ్ళలు తడితే? ఆమె తోడు బతుకుతుంది కానీ, బిళ్ళలు పండగలోపు ఆరవంటావా?

అయితే పండగ పోనీ. చుట్టాలొస్తే గ్లాసు పట్టుకుని నీ వాకిట్లోనే నిలబడతా. లాంటింగ్ పళ్లికిలిస్తే ఇకిలించనీ.

బిళ్ళలు నువ్వే తట్టు. నా చేతులకి వేడీ తెలీదు, చల్లనా తెలీదు. మీ అమ్మ మీ ఇద్దరికీ ఒకలాగే నేర్పింది కదా. పిండి ఇక్కడికే తెచ్చుకో, మీ ఇంటికి పట్టుకెళ్లొద్దు. నేనిక్కడే కూచుంటా, నోరు మూసుకునే కూచుంటా, కళ్లు మాత్రం తెరిచి.

అనుమానం కాదు వదినా.

సరే, అనుమానమే. అది కూడా లేకపోతే ఈ ఇంట్లో నాకు పొద్దెలా పోతుంది చెప్పు?