మూడోదాంట్లో ముడి

తిరుత్తణిలో తాత చీర నేస్తున్నాడు. మనవరాలు తన గిటారు ఆల్బం ఆయనకు వినిపించింది. అది రేపు విడుదల.

“పాడేవాళ్లు యాడ పాపా? భయపడి పారిపొయినారా?”

“పాట లేదు తాతా, అంతా గిటారే. క్లాసికల్ మెటల్, శానా వేగంగా వాయించేది.”

“ఇదొక వేగమా! వయసులో నేను నేస్తా ఉంటే, మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె వేడికి పూండి చెరువు సగం ఆవిరైపొయింది.”

“చెన్నైలో అందరూ మెచ్చినారు.”

“వాళ్లవి చెవులా? నీ ఆల్బంలో మూడోదాని మధ్యలో పోగు తెగింది. ముడేసి దాచినావు.”

“నీకెట్లా తెలిసింది? రెండుసార్లు వాయించి అతికించినాను. రికార్డింగాయనకే తెలీలేదు!”

“తెగిన చీరని నేను అంగడికి పంపలేదు.”

“సరే, విడుదల ఆపుతాను. గిటారు తెచ్చి మూడోది మళ్లీ వాయిస్తా, కాసేపు మగ్గం ఆపు తాతా.”

“ఎందుకు ఆపాల? దీని వేగాన్ని నువ్వు అందుకో, చూస్తాను.”