నిద్ర చెడిన మేపుల్

తిట్టడం లేదు మిసావో, కూర్చో. తిట్టేదాన్నయితే నిన్న గుమ్మంలో చెప్పులు విడవకముందే తిట్టేదాన్ని. మీ అన్నయ్య కుండీలో పెంచుకునే బోన్సాయ్ చెట్టుని లోపలికి తెచ్చి, గది వెచ్చబెట్టే కిరసనాయిలు స్టవ్ పక్కన పెట్టావు. ఎందుకు పెట్టావమ్మా, అదొక్కటే అడుగుతున్నాను.

చలికి వణుకుతుందనా? చెట్టు వణకదు.

ఇన్నేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన నోరు నాది, వివరంగా చెప్పందే ఊరుకోదు. విను. మేపుల్‌కి శీతాకాలం అంటే రాత్రి లాంటిది. ఆకు రాల్చేసి, ఉన్న బలమంతా లోపల దాచుకుని పడుకుంటుంది. దానికి చలి కావాలి. చూరు కింద గాలి కొట్టని చోట పెట్టి, కుండీ చుట్టూ గడ్డి కట్టి, మట్టి మరీ ఎండితే మధ్యాహ్నం పూట కాసిని నీళ్ళు పొయ్యాలి. సాయంత్రం పోస్తే రాత్రికి గడ్డకట్టి కుండీ పగులుతుంది. అంతే పని. పసిపిల్లని నిద్రపుచ్చి, తలుపు దగ్గరగా వేసి రావడమంత పని. నువ్వేమో ఆ పిల్లని లేపి, దీపం పెట్టి, తెల్లారింది లెమ్మన్నావు.

దక్షిణాన మీ కగోషిమాలో ఇంత చలి ఉండదు, తెలుసు. ఇక్కడి మంచు చూసి నీ ప్రాణం ఉసూరుమంది. నేను ఆస్పత్రిలో మీ అన్నయ్య మంచం పక్కన చాప వేసుకుని పడుంటే, ఇల్లంతా నువ్వే చూశావు. వంట, బట్టలు, మెట్ల మీద మంచు తొయ్యడం. నిన్ను ఒక్క మాట అనడానికి లేదు. అందుకే నాకింత కోపం.

ఏడవకు. కొతాత్సు బల్ల కింద వెచ్చటి దుప్పట్లోకి కాళ్ళు చాపుకుని ఆ కమలాపండు ఒలుచుకో.

చూడు, స్టవ్ వేడికి వేళ కాని వేళ వేసిన ఆ ఆకులు. ఎర్రగా, చిన్నగా, గట్టిగా విచ్చుకోవాల్సినవి పాలిపోయి, కాడలు సాగి, ఎలా వేలాడుతున్నాయో. బయట పెడితే ఒక్క తెల్లవారుజాము మంచుకే నల్లబడతాయి. లోపలే ఉంచితే, నిద్రలేని చెట్టు ఎంత కాలం ఈడుస్తుంది? స్టవ్ లేని గుమ్మం గదిలో పెట్టి చూడొచ్చు. బతికితే బతుకుతుంది. నాకు నమ్మకం లేదు.

మీ అన్నయ్య రోజూ అడుగుతారు తెలుసా? తన మందుల సంగతి అడగరు. "చెట్టు పడుకుందా?" అంటారు. పడుకుందండీ అంటాను. "గడ్డి తడిసిందా?" అంటారు. నిన్న మార్చేశానంటాను. ఇంటి మొహం చూడకుండానే. అబద్ధమాడిన పిల్లల్ని గోడవైపు తిప్పి నిలబెట్టిన మనిషిని నేను.

మా బడి ఆవరణలో దొరికిన గింజే అది. పెళ్ళికి ముందు నన్ను చూడటానికొచ్చి, ఏం మాట్లాడాలో తెలీక, నేలకేసి చూస్తూ ఏరుకున్నారు. ఏటా మొదటి ఆకు విచ్చిన పొద్దున దాన్ని వసారాలో పెట్టుకుని కూర్చుంటారు. మిసో పులుసు చల్లారిపోయినా లేవరు. ఈ ఏడు కూడా అంతేనట. "ఆకు వేళకి నన్ను ఇంటికి పంపమని డాక్టర్ గారికి చెప్పు" అన్నారు.

చెప్పాను. డాక్టర్ గారు నన్ను నడవాలోకి తీసుకెళ్ళి, తలుపు వేసొచ్చి మాట్లాడారు. ఆకు దాకా ఉండరట.

అంతే మిసావో. ఇంటివాళ్ళకే చెబుతారు, రోగికి చెప్పరు. నీకు తెలియనిదా? మీ ఆయనకి నువ్వూ చివరిదాకా కడుపులో పుండనే చెప్పావు కదూ. అసలు నీకు కూడా చెప్పకూడదనుకున్నాను, నీ మొహం ఏదీ దాచలేదని. రేపు ఆస్పత్రికి వస్తే మాత్రం, మొహం కడుక్కుని రా.

నిన్న ఇంట్లోకి రాగానే ఆ ఆకులు చూసి నాకేమనిపించిందో చెప్పనా? ముందు కోపం రాలేదు. ఆకు వచ్చేసింది, ఆయన ఇంకా ఉన్నారు, అనిపించింది. చెట్టు పోతుందని తెలిసి కూడా, అంత సంతోషం వేసింది. కోపం ఆ తర్వాత తెచ్చుకున్నాను.

రేపు తీసుకెళ్తాను.

అవును, కుండీతోనే. వేరున్న మొక్కని రోగి దగ్గరికి తీసుకెళ్ళకూడదు, రోగం వేళ్ళూనుకుంటుంది, కోసిన పువ్వులే పట్టుకెళ్ళాలంటారు. నాకు తెలియక కాదు. నర్సు గుమ్మంలోనే ఆపుతుంది, పక్క మంచాల వాళ్ళు మొహాలు తిప్పుకుంటారు. తిప్పుకోనీ.

చూడగానే ఆయనకి అర్థమైపోతుంది. జనవరిలో ఆకు వేసిన మేపుల్ గతేమిటో ఆయనకి నేను చెప్పాలా? నేనెందుకు తెచ్చానో కూడా తెలిసిపోతుంది. అడగరు. నేనూ చెప్పను. లోపల పెట్టిందెవరంటే నేనే అంటాను, నువ్వు నోరెత్తకు. తిడతారులే. ఆయన గొంతు పెద్దగా విని చాలా రోజులైంది.

వేళ్ళు అంటావేమిటి మళ్ళీ? ఊనుకోనీ మిసావో. వేళ్ళూనుకుంటే, ఆ మంచంలోనైనా ఉంటారు కదా.

ఆ నీలం గుడ్డ ఇలా ఇవ్వు. కుండీ కట్టాలి.